కొత్త ఓఎస్‌కు తొందరపడితే ఇంటర్వ్యూలో మైక్ మూగబోతుంది!

రేపు పొద్దున పదింటికి ఆన్‌లైన్ అసెస్‌మెంట్. ఇవాళ రాత్రి చదువుకుంటుంటే ల్యాప్‌టాప్ తెర మీద ఒక కబురు: కొత్త విండోస్ సిద్ధంగా ఉంది, ఇన్‌స్టాల్ చేసుకోమంటారా అని. ‘ఏముందిలే, పడుకునే ముందు నొక్కేస్తే తెల్లారేసరికి అయిపోతుంది’ అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. తెల్లారేసరికి అయిపోవచ్చు. కానీ పదింటికి కెమెరా వెలగకపోతే, మైక్ పనిచేయకపోతే, వైఫై గుర్తే కనిపించకపోతే ఏం చేస్తారు? ప్రోక్టరింగ్ సాఫ్ట్‌వేర్‌కు మీ కష్టం అర్థం కాదు. కెమెరా లేదంటే లోపలికి రానివ్వదు, అంతే.

ఈ మాట ఇప్పుడెందుకంటే, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2015 జులై 29న వచ్చిన ఓఎస్ అది, పదేళ్లకు పైగా నడిచింది. మన కాలేజీ ల్యాబుల్లో, నెట్ సెంటర్లలో, అన్నయ్య వాడి తమ్ముడికిచ్చిన ల్యాప్‌టాపుల్లో ఎక్కడ చూసినా అదే. ఇప్పుడు అందరినీ విండోస్ 11 వైపు తోస్తున్నారు. కొందరు అటు వెళ్లలేక లైనక్స్ వైపు చూస్తున్నారు. ఇంకొందరు ఏమీ చేయకుండా కూర్చున్నారు. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకు ఈ మూడు దారుల్లోనూ చిక్కులున్నాయి. వాటి మూలం ఒక్కటే, డ్రైవర్.

రెండు భాషలొచ్చిన మధ్యవర్తి

డ్రైవర్ అంటే ఏంటని ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది ‘హార్డ్‌వేర్‌కూ ఓఎస్‌కూ మధ్య ఇంటర్‌ఫేస్ సర్’ అని బట్టీ పట్టిన జవాబు చెప్పి ఊరుకుంటారు. మన రేణిగుంట వైపు వాళ్లకు ఇంతకన్నా బాగా అర్థమయ్యే పోలిక ఉంది. చెన్నై నుంచి సరుకు కొనడానికి వచ్చిన తమిళ వ్యాపారి, కడప వైపు నుంచి వచ్చిన రైతు. ఒకరి మాట ఒకరికి రాదు. మధ్యలో రెండు భాషలూ వచ్చిన మనిషి ఉంటేనే బేరం తెగుతుంది. కంప్యూటర్‌లో ఆ మధ్యవర్తే డ్రైవర్. ఓఎస్ ‘ఈ పేజీ ప్రింట్ చెయ్’ అంటుంది. ప్రింటర్‌కు ఆ భాష తెలియదు. ఏ గేర్ ఎప్పుడు తిరగాలో, ఎంత వేడి చేయాలో ప్రింటర్ భాషలో చెప్పేది డ్రైవర్.

ఇప్పుడు వ్యాపారి మారిపోయి, ఆయన జాగాలో మలయాళం మాత్రమే వచ్చినాయన వచ్చాడనుకోండి. రైతు అదే, సరుకూ అదే. మధ్యవర్తికి మాత్రం కొత్త భాష రాదు. బేరం ఆగిపోతుంది. కొత్త ఓఎస్ వచ్చినప్పుడు జరిగేది ఇదే. మీ ప్రింటర్‌కు ఏమీ కాలేదు, కెమెరా చెడిపోలేదు. మధ్యవర్తి పాతబడ్డాడు.

ఇంకో సంగతి. మామూలు యాప్ తప్పు చేస్తే ఆ యాప్ ఒక్కటే మూతపడుతుంది. చాలా డ్రైవర్లు మాత్రం ఓఎస్ గుండెకాయలాంటి కెర్నెల్‌లో కూర్చుని పనిచేస్తాయి. అక్కడ తప్పు జరిగితే మొత్తం యంత్రమే పడకేస్తుంది. మీరు చూసే నీలి తెర చాలాసార్లు డ్రైవర్ పుణ్యమే. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ అవసరమవుతుంది.

మైక్రోసాఫ్ట్ పెద్దలకే తప్పలేదు

కొత్త ఓఎస్‌ను మొదటి రోజుల్లోనే ఎక్కించుకుంటే ఏమవుతుందో చెప్పడానికి విస్టాను మించిన పాఠం లేదు. 2007 జనవరి 30న అది మార్కెట్లోకి వచ్చింది. గ్రాఫిక్స్ డ్రైవర్ల నిర్మాణాన్నే అందులో మార్చేశారు. 64 బిట్ విస్టాలో కెర్నెల్ డ్రైవర్లకు డిజిటల్ సంతకం తప్పనిసరి చేశారు. ఉద్దేశం మంచిదే, డ్రైవర్లే సమయానికి సిద్ధం కాలేదు. ‘విస్టా కేపబుల్’ అనే స్టిక్కర్ వేసి అమ్మిన కంప్యూటర్లలో విస్టా సరిగా నడవలేదంటూ అమెరికాలో కొనుగోలుదారులు కోర్టుకెక్కారు. ఆ కేసులో 2008లో మైక్రోసాఫ్ట్ అంతర్గత ఈమెయిళ్లు బయటికొచ్చాయి. వాటిలోని లెక్క చూడండి: 2007లో నమోదైన విస్టా క్రాష్‌లలో 28.8 శాతానికి ఎన్విడియా డ్రైవర్లే కారణం. మైక్రోసాఫ్ట్ సొంత కోడ్ వాటా 17.9 శాతం. ఏటీఐ, ఇంటెల్ వాటాలు తొమ్మిదేసి శాతం దగ్గర్లో ఉన్నాయి.

అంకెలకన్నా ఆసక్తికరమైంది ఇంకోటుంది. ఆ కంపెనీ సీనియర్ ఎగ్జిక్యూటివ్ స్టీవెన్ సినోఫ్‌స్కీ ఇంట్లోని మల్టీఫంక్షన్ ప్రింటర్‌కు విస్టా విడుదలైన రోజున డ్రైవర్ లేదు. మరో వైస్ ప్రెసిడెంట్ మైక్ నాష్ 2,100 డాలర్లు పెట్టి కొన్న ల్యాప్‌టాప్ విస్టా వేశాక ఈమెయిళ్లు చూసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావట్లేదని వాపోయారు. ఓఎస్ తయారుచేసిన వాళ్ల ఇళ్లలోనే ఇలా ఉంటే, తిరుపతిలో హాస్టల్ గదిలో కూర్చున్న మన సంగతి చెప్పాలా!

‘అది పాత కథ, ఇప్పుడు అలా లేదు’ అంటారా? నిజమే, చాలా మెరుగైంది. పూర్తిగా పోలేదు. విండోస్ 11 విడుదల 2021 అక్టోబరు 5న. మొదటి వారంలోనే ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ల వేగం తగ్గినట్టు తేలింది, కొన్ని గేముల్లో 15 శాతం దాకా. అదే నెల 21న ప్యాచ్ వచ్చేదాకా ఆ బాధ తప్పలేదు. ఆ ఏడాది నవంబరులో ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లున్న కొన్ని ల్యాప్‌టాపుల్లో స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ అనే ఆడియో డ్రైవర్ నీలి తెరకు కారణమైంది. చోద్యం ఏంటంటే, మూడేళ్ల తర్వాత 2024 అక్టోబరులో 24హెచ్2 వెర్షన్ వచ్చినప్పుడు కూడా అదే డ్రైవర్ పాత వెర్షన్‌తో మళ్లీ అదే గొడవ!

24హెచ్2 జాబితా ఇంకా ఉంది. ఏసస్ ఎక్స్415కేఏ, ఎక్స్515కేఏ మోడళ్లలో అప్‌గ్రేడ్ మధ్యలో నీలి తెర వచ్చింది. ఇవి లక్షలు పోసి కొనే గేమింగ్ యంత్రాలు కావు, విద్యార్థుల బడ్జెట్‌లో దొరికే చౌక మోడళ్లు. వెస్టర్న్ డిజిటల్ ఎస్ఎన్770 లాంటి కొన్ని ఎస్ఎస్‌డీలు కొత్త ఓఎస్ ఇచ్చినంత మెమరీ తీసుకోబోయి కుప్పకూలాయి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తేగానీ కుదుటపడలేదు. యూఎస్‌బీ ద్వారా కలిపే కొన్ని స్కానర్లు కనిపించకుండా పోయాయి. ఇలాంటప్పుడు మైక్రోసాఫ్ట్ ఆ మోడళ్లకు అప్‌డేట్ పంపడం ఆపేస్తుంది. దాన్ని ‘సేఫ్‌గార్డ్ హోల్డ్’ అంటారు. మీ స్నేహితుడికి వచ్చిన అప్‌డేట్ మీకు రాలేదంటే కోపం తెచ్చుకోవద్దు, బహుశా మీ మేలుకే ఆగింది. యూట్యూబ్ వీడియో చూసి ఐఎస్ఓ ఫైల్ దింపుకుని బలవంతంగా ఎక్కించడం అంటే గేటు వేసి ఉన్నా పట్టాలు దాటడమే.

రిచీ స్ట్రీట్ ల్యాప్‌టాప్ సంగతి

తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి పిల్లలు సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కావాలంటే ఎక్కడికి వెళ్తారు? పొద్దున రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు సికింద్రాబాద్ సీటీసీ. అక్కడ కార్పొరేట్ కంపెనీలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు, ఎలైట్‌బుక్‌లు దొరుకుతాయి. గట్టి యంత్రాలు, కీబోర్డు బాగుంటుంది, ధర అందుబాటులో ఉంటుంది. ఒక్క ప్రశ్న మాత్రం అడగాలి: ప్రాసెసర్ ఎన్నో తరం?

విండోస్ 11 అధికారిక జాబితాలో ఇంటెల్ వైపు దాదాపు 8వ తరం నుంచే మొదలు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ కూడా ఉండాలి. 6, 7 తరాలు జాబితాలో లేవు. ఐ5-7200యూ ఉన్న ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే ఈ రోజుకీ చక్కగా నడుస్తుంది, టీపీఎం 2.0 కూడా ఉండొచ్చు, అయినా విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. థింక్‌ప్యాడ్ టీ470కీ, టీ480కీ బయటి నుంచి చూస్తే పెద్ద తేడా కనిపించదు. టీ470లో 6 లేదా 7వ తరం, టీ480లో ఎక్కువగా 8వ తరం. తేడా మొత్తం అక్కడే. దుకాణంలో ‘విండోస్ 11 వేసిచ్చాం బ్రో’ అని చూపిస్తారు. తనిఖీలను దాటవేసి ఎక్కించడం సాధ్యమే, అలా ఎక్కించిన యంత్రం ఈ రోజు నడవొచ్చు కూడా. కానీ తర్వాతి పెద్ద వెర్షన్ దానంతటదే రాదు, వచ్చినా పనిచేస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. 24హెచ్2 విషయంలో చాలా పాత ప్రాసెసర్లకు అదే జరిగింది. అందులో కొన్ని ప్రాసెసర్ ఆదేశాలు తప్పనిసరి కావడంతో కోర్ 2 కాలం నాటి యంత్రాల్లో అది అసలు బూటే కాదు.

అలాంటి ల్యాప్‌టాప్ మీ దగ్గర ఉంటే కంగారు పడాల్సిన పనిలేదు. విండోస్ 10 వాడే మామూలు వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొందే వీలుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగులను వన్‌డ్రైవ్‌కు బ్యాకప్ చేసుకుంటే డబ్బు కట్టనక్కర్లేదు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే నమోదు చేసుకునే లింకు కనిపిస్తుంది. ప్లేస్‌మెంట్ల ఏడాదిలో ఉన్నవాళ్లకు ఇది దేవుడిచ్చిన గడువు.

నెట్ సెంటర్ ప్రింటర్, వేలిముద్రల యంత్రం, నీలం కేబుల్

డ్రైవర్ సమస్య అసలు రూపం ల్యాప్‌టాప్‌లో కన్నా దానికి తగిలించే సామానులో కనిపిస్తుంది. మన ఊళ్లలో ఏ జిరాక్స్ షాపుకైనా వెళ్లండి, కానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ ఉంటుంది. ఎన్నో ఏళ్ల నుంచి లక్షల పేజీలు ఉమ్ముతున్న మొండి ఘటం. దీని ప్రత్యేకత ఏంటంటే, పేజీని సిద్ధం చేసే పనిలో ఎక్కువ భాగం కంప్యూటరే చేయాలి. ప్రింటర్ లోపల తెలివి తక్కువ. అందుకే చౌక. అందుకే డ్రైవర్ లేకపోతే అది ఒట్టి ప్లాస్టిక్ డబ్బా. విండోస్‌లో నడుస్తుంది, లైనక్స్‌లో నడిపించాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. ఇదే షాపువాళ్లు తెలుగు డీటీపీ కోసం పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు పెట్టుకుని ఒక పాత కంప్యూటర్‌ను ఏళ్ల తరబడి కదిలించకుండా ఉంచుకోవడం చూసి నవ్వకండి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001 నాటిది. నడుస్తున్న బండిని ఎందుకు విప్పాలన్నది వాళ్ల లెక్క. ఆ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలపనంత వరకు ఆ లెక్కలో తప్పులేదు.

మీసేవ, బ్యాంకు కరస్పాండెంట్ పాయింట్లలో వాడే వేలిముద్రల యంత్రానికి ఒక్క డ్రైవర్ చాలదు. దానితోపాటు ఆర్‌డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్ నడవాలి, ఆధార్ వ్యవస్థ దగ్గర ఆ యంత్రం రిజిస్టర్ అయి ఉండాలి. ఓఎస్ మారితే ఈ మూడింట్లో ఏ ఒక్కటి తడబడినా బయట క్యూలో నిలబడిన అవ్వకు ఆ రోజు డబ్బు అందదు. సొంతంగా ఇలాంటి పాయింట్ పెట్టుకుని చదువుకుంటున్న కుర్రాళ్లు మనలో చాలామందే ఉన్నారు. మీరు అప్‌గ్రేడ్ చేసేముందు ఆ యంత్రం కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కు విండోస్ 11 డ్రైవర్, ఆర్‌డీ సర్వీస్ రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి.

ఈసీఈ, ఈఈఈ వాళ్లకు బాగా తెలిసిన ఇంకో బాధ, యూఎస్‌బీ టు సీరియల్ కేబుల్. మైక్రోకంట్రోలర్ బోర్డుల నుంచి పీఎల్‌సీల దాకా అన్నిటికీ అదే దారి. చాలా కేబుళ్లలో ప్రొలిఫిక్ కంపెనీ పీఎల్2303 చిప్, లేదా దాని నకలు ఉంటుంది. పాత చిప్‌కు కంపెనీ మద్దతు ఆపేసింది. విండోస్ 11లో కేబుల్ గుచ్చితే డివైస్ మేనేజర్‌లో పోర్టు పేరు ఉండాల్సిన చోట ‘ఈ చిప్ 2012లోనే ఆగిపోయింది’ అనో, నకలైతే ‘ఇది మా చిప్ కాదు, అమ్మినవాడిని అడుగు’ అనో రాసి ఉంటుంది! 2014లో ఎఫ్‌టీడీఐ అనే ఇంకో కంపెనీ మరీ ముందుకెళ్లింది. విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన దాని డ్రైవర్ నకిలీ చిప్‌ల గుర్తింపు నంబరును సున్నా చేసి పనికిరాకుండా చేసింది. పెద్ద గొడవయ్యాక వెనక్కి తీసుకున్నారు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు డెమోకు వారం ముందు ఓఎస్ మార్చేవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

కొత్తగా వస్తున్న స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాపుల సంగతీ చెప్పాలి. 2024 జూన్ నుంచి వీటిని ‘కోపైలట్ ప్లస్’ పేరుతో అమ్ముతున్నారు. బ్యాటరీ రోజంతా వస్తుంది, వేడెక్కవు, చూడముచ్చటగా ఉంటాయి. వీటిలో ఆర్మ్ ప్రాసెసర్ ఉంటుంది. ఇంటెల్ కోసం రాసిన మామూలు యాప్‌లను అనువదించి నడిపిస్తాయి కాబట్టి ‘అన్నీ పనిచేస్తాయి’ అంటారు. యాప్‌ల వరకు చాలామటుకు నిజం. కెర్నెల్ డ్రైవర్లను మాత్రం అలా అనువదించడం కుదరదు. ఆర్మ్ కోసం విడిగా రాసి ఉండాలి. పాత ప్రింటర్లు, బోర్డు ప్రోగ్రామర్లు, వేలిముద్రల యంత్రాలు చాలావాటికి అలాంటి డ్రైవర్ లేదు. అందుకే ఎంబెడెడ్ ల్యాబ్ పనులున్నవాళ్లు కొనేముందు రెండుసార్లు ఆలోచించాలి.

మన పక్కనే ఉన్న ఫ్యాక్టరీల్లో ఇదే పని

రేణిగుంట అంటే మొన్నటిదాకా జంక్షన్, విమానాశ్రయం. ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ తయారీ క్లస్టర్లు. సెల్‌కాన్, కార్బన్ లాంటి దేశీ మొబైల్ కంపెనీల పేర్లు మొదట వినిపించిన చోటు ఇది. డిక్సన్ ఇక్కడ టీవీలు చేస్తోంది. ఏర్పేడు మండలం వికృతమాలలో టీసీఎల్ డిస్‌ప్లే ప్యానెళ్ల పరిశ్రమ ఉంది. ఈ ఫ్యాక్టరీల్లో ఉద్యోగం అంటే స్క్రూలు బిగించడమేనని చాలామంది ఇంజినీరింగ్ పిల్లల అభిప్రాయం. అది సగం నిజమే. మిగతా సగం గురించి ఎవరూ చెప్పట్లేదు.

స్మార్ట్ టీవీ కూడా కంప్యూటరే. మెయిన్ బోర్డులో ప్రాసెసర్, దానిమీద ఆండ్రాయిడో మరోటో ఓఎస్, దానికి ప్యానెల్, వైఫై మాడ్యూల్, స్పీకర్, రిమోట్. ప్యానెల్ సరఫరా ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారితే బోర్డులోని ప్యానెల్ సెట్టింగులూ మారాలి. మారకపోతే బొమ్మ తలకిందులుగానో, రంగులు తారుమారుగానో వస్తుంది. వైఫై మాడ్యూల్ మారితే డ్రైవర్ మారాలి. ఓఎస్ కొత్త వెర్షన్‌కు వెళ్తే ఇవన్నీ మళ్లీ మొదటి నుంచి పరీక్షించాలి. డిక్సన్ 2022లో ఆండ్రాయిడ్, గూగుల్ టీవీలకు సబ్ లైసెన్సింగ్ హక్కుల కోసం గూగుల్‌తో ఒప్పందం చేసుకుంది. అంటే తాను తయారుచేసి ఇచ్చే చిన్న బ్రాండ్లకు ఓఎస్‌తో సహా టీవీని అందించగలదు. బోర్డు, ఓఎస్, డ్రైవర్ కలిసి పనిచేసేలా చూసే మనుషుల అవసరం దీంతో పెరుగుతుందే తప్ప తగ్గదని నా అంచనా.

ఫోన్ల కథ ఇంకా బాగుంటుంది. 2014లో సెల్‌కాన్ క్యాంపస్ ఏ35కే అనే ఫోన్ ఆండ్రాయిడ్ కిట్‌క్యాట్‌తో 2,999 రూపాయలకు వచ్చింది. ఆ రోజుల్లో ‘ఈ ఫోన్‌కు తర్వాతి ఆండ్రాయిడ్ వస్తుందా?’ అని ఎవరడిగినా దుకాణదారు నవ్వేవాడు. ఎందుకు రాదు? కొత్త ఆండ్రాయిడ్‌కు సరిపడే డ్రైవర్లను చిప్ తయారుచేసిన కంపెనీ ఇవ్వాలి, ఆ తర్వాత ఫోన్ కంపెనీ వాటిని తన మోడల్‌కు అమర్చుకోవాలి. మూడు వేల ఫోన్‌కు అంత ఖర్చు ఎవరు పెడతారు? ఖరీదైన ఫోన్లకూ ఇదే గతి పట్టిన సందర్భం ఉంది. 2016లో ఆండ్రాయిడ్ నౌగట్ ప్రివ్యూలో సోనీ ఎక్స్‌పీరియా జెడ్3 ఉండింది. చివరికి దాన్ని పక్కనపెట్టారు. అందులోది స్నాప్‌డ్రాగన్ 801.

గూగుల్ దీనికి రెండుసార్లు మందు వేసింది. మొదటిది 2014 సెప్టెంబరులో మన దేశంలోనే మొదలైన ఆండ్రాయిడ్ వన్. మైక్రోమాక్స్, కార్బన్, స్పైస్ మూడూ ఒకే మీడియాటెక్ చిప్‌తో ఫోన్లు తెచ్చాయి. హార్డ్‌వేర్ ఒకేలా ఉంటే డ్రైవర్ల తలనొప్పి తగ్గుతుందన్నది ఉపాయం. అసలు మందు రెండోది. 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ప్రాజెక్ట్ ట్రెబుల్. చిప్ కంపెనీ డ్రైవర్ల భాగాన్నీ, ఆండ్రాయిడ్ భాగాన్నీ వేరు చేసి మధ్యలో మారని ఒప్పందం లాంటి ఇంటర్‌ఫేస్ పెట్టారు. పైభాగం మార్చినా కిందిది కదలదు. ఈ రోజు మధ్యతరగతి ఫోన్లకు కూడా ఏళ్ల తరబడి అప్‌డేట్లు వస్తున్నాయంటే ఈ మార్పు పెద్ద కారణం. ఎంబెడెడ్ ఇంటర్వ్యూకు వెళ్తుంటే ట్రెబుల్ గురించి నాలుగు ముక్కలు చెప్పగలిగేలా ఉండండి, హెచ్ఏఎల్ అంటే ఏంటన్న ప్రశ్నకు బట్టీ కొట్టని జవాబు అదే అవుతుంది.

విమానాశ్రయంలో చేతిరాత బోర్డింగ్ పాస్

కెర్నెల్‌లో తప్పు జరిగితే యంత్రం మొత్తం పడకేస్తుందని పైన చెప్పుకున్నాం కదా. అది ప్రపంచం మొత్తానికి తెలిసొచ్చిన రోజు 2024 జులై 19. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక అప్‌డేట్ ఫైల్‌ను, కెర్నెల్‌లో కూర్చున్న దాని డ్రైవర్ చదివి కుప్పకూలింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర చూపించాయి. మొత్తం విండోస్ యంత్రాల్లో ఇది ఒక శాతం కన్నా తక్కువ! అయినా విమానాలు ఆగాయి, ఆసుపత్రులు ఇబ్బంది పడ్డాయి. ఆ రోజు హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడికి ఇండిగో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది.

ఇక్కడ కొత్త ఓఎస్ ఏమీ లేదు. కానీ పాఠం అదే కుటుంబానికి చెందింది: పరీక్షించకుండా ఒకేసారి అందరికీ పంపడం. అందుకే పెద్ద కంపెనీల ఐటీ విభాగాలు కొత్త ఓఎస్‌ను మొదట పదిమందికి, తర్వాత వందమందికి, ఆ తర్వాతే అందరికీ ఇస్తాయి. దీన్ని ‘రింగులు’ అంటారు. మొదటి రింగులో యంత్రాలను పరీక్షించి, ఏ ప్రింటర్ పోయింది, ఏ డాక్ పనిచేయలేదు అని రాసిపెట్టే పని ఎవరిది? చాలాచోట్ల డెస్క్‌టాప్ సపోర్ట్‌లో చేరిన కొత్త ఉద్యోగిది. విండోస్ 10 గడువు ముగియడంతో ఆఫీసులు, బ్యాంకులు, ఆసుపత్రులు యంత్రాలను మార్చే పనిలో ఉన్నాయి. ఈ పనికి మనుషులు కావాలి. డిగ్రీ, డిప్లొమా వాళ్లకు ఇది లోపలికి వెళ్లే తలుపు. జీతం మొదట్లో పెద్దగా ఉండదు, ఆ మాట దాచాల్సిన పనిలేదు. బీటెక్ చేసి సీ భాష మీద పట్టున్నవాళ్లకు దారి వేరు. హైదరాబాద్, బెంగళూరుల్లో క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్విడియా, ఇంటెల్ కేంద్రాలున్నాయి. డ్రైవర్ రాయడం, బోర్డుకు ఓఎస్ ఎక్కించడం, వ్యాలిడేషన్ వాళ్లు చేసే పనుల్లో భాగం.

రెజ్యూమెలో ‘విండోస్, లైనక్స్ తెలుసు’ అని రాసే లైను ఎవరూ చదవరు. దాని బదులు ఒక చిన్న పని చేసి చూడండి. మీ ల్యాప్‌టాప్‌లో డివైస్ మేనేజర్ తెరిచి వైఫై కార్డు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూడండి. వెండర్ కోడ్, డివైస్ కోడ్ కనిపిస్తాయి. వెండర్ 8086 అంటే ఇంటెల్. ఆ కంపెనీ పాత ప్రాసెసర్ పేరునే ఆ సంఖ్యగా పెట్టుకున్నారు, ముచ్చటగా లేదూ? అదే కార్డును ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి లైనక్స్ ఏ మాడ్యూల్‌తో నడిపిస్తోందో కనుక్కోండి. పాత ల్యాబ్ కంప్యూటర్లు పది తీసుకుని, ఏది విండోస్ 11కు పనికొస్తుంది, ఏది రాదు, దేనికి లైనక్స్‌లో ఏది పనిచేయలేదు అని పట్టిక రాయండి. మీ లెక్చరర్ సంతోషంగా ఒప్పుకుంటారు, ఆయనకు ఎలాగూ ఆ లెక్క కావాలి. ఇంటర్వ్యూలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ప్రాజెక్టు చాలామంది దగ్గర ఉండదు.

మరి ఎప్పుడు మార్చాలి?

పరీక్షో, ఇంటర్వ్యూనో, డెమోనో పదిహేను రోజుల్లో ఉంటే ఓఎస్ జోలికి వెళ్లొద్దు. నెలనెలా వచ్చే మామూలు భద్రతా అప్‌డేట్లు వేరు, వాటిని ఆపకండి. పెద్ద వెర్షన్ మార్పు గురించే ఈ మాట. కొత్త వెర్షన్ విడుదలైన మూడు నాలుగు నెలల తర్వాత మీ మోడల్ పేరుతో ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీ తెరవండి. ఆడియో, వైఫై, గ్రాఫిక్స్ మూడింటికీ కొత్త ఓఎస్ డ్రైవర్లు ఉంటే ముందుకెళ్లొచ్చు. నెట్‌వర్క్ డ్రైవర్‌ను ముందే పెన్‌డ్రైవ్‌లో దింపుకోండి, ఎందుకంటే వైఫై పోయాక వైఫై డ్రైవర్ దింపుకోలేరు కదా. ‘అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌తో’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ల దగ్గరికి వెళ్లొద్దు. సగం ప్రకటనలు, మిగతా సగం కొత్త తలనొప్పి.

లైనక్స్‌కు వెళ్లేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి కెమెరా, మైక్, వైఫై, బ్లూటూత్ పరీక్షించుకోవచ్చు. మీరు రాయబోయే పరీక్షకు కావాల్సిన సురక్షిత బ్రౌజర్ లైనక్స్‌లో నడుస్తుందో లేదో ముందే చూడండి. చాలావాటికి విండోస్ తప్పనిసరి.

ఎంత జాగ్రత్త పడినా ఏదో ఒకటి చెడితే, విండోస్ 11కు మారిన పది రోజుల్లోపు సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి ‘గో బ్యాక్’ నొక్కితే పాత ఓఎస్ తిరిగొస్తుంది, ఫైళ్లు అలాగే ఉంటాయి. ఒక్కటే షరతు. ఆ పది రోజుల్లో సీ డ్రైవ్ నిండిపోయిందని డిస్క్ క్లీనప్ పెట్టి ‘విండోస్.ఓల్డ్’ ఫోల్డర్‌ను చెరిపేయకండి. పాత ఓఎస్ మొత్తం ఉండేది అందులోనే.